నకలే కావాలి

కుట్టు మిషన్ల మెకానిక్కు పొడవాటి బల్ల మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. ఆ బల్ల మీద మిషన్లన్నీ ఒక్కసారిగా గరగరలాడుతుంటే, హాల్లో ఒకరి మాట ఒకరికి చేరాలంటే చెవిలో నోరు పెట్టి అరవాల్సిందే. మెకానిక్కు చెవులకు పని చెప్పడు. చెక్కలోంచి చేతికొచ్చే వణుకును బట్టి ఏ మిషను కుంటుతోందో పట్టేస్తాడు. కిటికీ పక్క మిషను దగ్గరికి వెళ్ళి, వదులైన మర బిగించి, రెండు చుక్కలు నూనె వేశాడు.

"ఏం మామా, బల్లకి జ్వరమొచ్చిందా, చెయ్యి పెట్టి చూస్తున్నావ్?" అంది కాలర్లు కుట్టే ఆవిడ.

"బల్ల బాగానే ఉంది. నీ నోటికే నూనె అక్కర్లేకుండా పోయింది."

చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. అతను నవ్వలేదు. మనసంతా గోడకు తగిలించిన సంచిలో ఉంది. అన్నం డబ్బా పక్కన కాగితంలో చుట్టిన కొత్త తీగలున్నాయి. సాయంత్రం అవి బిగిస్తే గిటారు పని పూర్తవుతుంది. మంచాన పడ్డ బావ అప్పటిదాకా ఆగుతాడా అన్నదే పొద్దుటినుంచీ గుండెల్లో ముల్లులా ఉంది.

జుట్టు నల్లగా ఉన్న రోజుల్లో ఇద్దరిదీ ఒకే బ్యాండు. బావ డ్రమ్ము మీద కర్ర వేస్తే, వీధి చివర నిద్రపోతున్న కుక్క లేచి, తనను ఎవరు పిలిచారా అని గుమ్మందాకా వచ్చి చూసి పోయేదట. కుక్క చెప్పిన మాట కాదు, బావ చెప్పిందే. ఇతను వాయించేది బేస్ గిటారు, పాట అడుగున గుమ్మనే లావు తీగలది. పాట పాడినవాడికి చప్పట్లు, లీడ్ గిటారు వాయించినవాడికి ఈలలు. బేసు వాయించేవాడు ఒకడున్నాడని జనానికి గుర్తే ఉండదు. అతనికేసి చూసే మనిషి వేదిక మొత్తం మీద బావ ఒక్కడే. ఆ చూపుల్లోనే చుట్టరికం కుదిరింది. బావ వీళ్ళ అక్కను చేసుకున్నాడు. తర్వాత బ్యాండు చెదిరిపోయింది. ఆ గిటారు ఎవరి చేతికో వెళ్ళింది. ఇతను మిషన్ల నూనెలో పడ్డాడు, పెళ్ళి ఊసెత్తలేదు, అక్కావాళ్ళ మేడ మీది గదిలో ఉండిపోయాడు.

బావకు ముందు చెవులు పోయాయి. అక్క మాట ఒక్కటే పెదాలు చూసి పట్టేస్తాడు. ఇన్నేళ్ళు తిట్లు తిన్నవాడికి ఆ మాత్రం రాకపోతే ఎలా! ఆనక కాళ్ళు, ఇప్పుడు ఊపిరి. ఆయనకేం కావాలో అడిగి ఇవ్వండి అని డాక్టరు మెల్లగా చెప్పి వెళ్ళాడు. అక్క అడిగింది.

"బేసు వినాలి," అన్నాడు బావ.

"చెవులేవి?"

"చెవులతో ఎవడు వింటాడే బేసు!"

అక్క కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వచ్చేసింది. ఏడ్చిందో నవ్విందో ఆవిడకే తెలియాలి. మెకానిక్కు మాత్రం ఆ మర్నాడే వేట మొదలుపెట్టాడు.

పాత సామాన్ల కొట్లో, బీరువా వెనక ఒక బేస్ గిటారు దొరికింది. ఎవరో మహానుభావుడు దానికి గోడలకు వేసే నీలం రంగు పూశాడు. మెడ విల్లులా వంగింది. కొట్టువాడు దాని మెడకు రెండు పాత చలికోట్లు తగిలించుకున్నాడు.

"పెద్ద కంపెనీ సరుకు సార్. అచ్చమైన అసలుది," అన్నాడు కొట్టువాడు గుండె మీద చెయ్యి వేసుకుని.

మెకానిక్కు వెనక్కి తిప్పి, మెడ మొదట్లో ఉన్న నాలుగు మరల పలకను బొటనవేలితో తడిమాడు. "అసలుదైతే నాకొద్దు. నకలైతే తీసుకుంటా."

కొట్టువాడి నోరు తెరుచుకుంది. అన్నేళ్ళ వ్యాపారంలో అసలుదని ఒట్టేసి నకలు అంటగట్టిన సందర్భాలున్నాయి గానీ, నకలే కావాలన్న మనిషి తగలడం అదే మొదలు. "నకలే సార్," అన్నాడు చివరికి, నిజం చెప్పడం అలవాటు లేని గొంతుతో.

వాళ్ళ బ్యాండులో ఉన్నదీ అలాంటిదే. పెద్ద కంపెనీ పేరుపొందిన నమూనాను చూసి, ఏదో ఫ్యాక్టరీవాళ్ళు మంచి చెక్కతో, ఉన్నదున్నట్టు చేసిన నకలు. అంత బరువు చెక్క ఇప్పుడెవరూ వాడరు. దాన్ని మోసి మోసి తన ఎడమ భుజం అర అంగుళం కిందికి దిగిందని మెకానిక్కు చెబితే, అది పుట్టుకతోనే అంత అని అక్క కొట్టిపారేసేది.

రోజూ కుట్టు ఫ్యాక్టరీ నుంచి వచ్చి, అన్నం తినే బల్ల మీదే పనిచేశాడు. నీలం రంగు గోకుతుంటే అడుగున తేనెరంగు బయటపడింది. వంపు తీయడానికి మెడలోపలి ఇనుప కడ్డీని రోజూ కాస్త కాస్త తిప్పాడు. తొందరపడితే మెడ పుటుక్కుమంటుంది. తీగలు బిగించే తుప్పు పట్టిన కీలన్నిటికీ మిషన్ల నూనె పట్టించాడు. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్ల కొసల్ని ఆకురాయితో నున్నగా రాశాడు. వార్నిషు పొర మీద పొర వేసి, ఆరనిచ్చి, పాత బనీను గుడ్డతో రుద్దితే, బల్ల మీది దీపం అందులో మరో దీపంలా కనబడింది. ఇంత అందమైన వస్తువు తన చేతుల్లోంచి వచ్చిందంటే అతనికే నమ్మబుద్ధి కాలేదు. కింద గదిలో మాత్రం బావ దగ్గు రోజురోజుకూ సన్నబడుతోంది.

ఆ సాయంత్రం తీగలు బిగించి, శ్రుతి చేసి, గిటారును పసిబిడ్డలా ఎత్తుకుని మెట్లు దిగాడు. కిటికీలో ఇంకా ఎండ ఉంది. బావ పాత చెక్కమంచం మీద, తలవైపు పలకకు దిండు ఆనించుకుని కూర్చున్నాడు. మనిషి సగమయ్యాడు, కళ్ళు మాత్రం అవే.

మెకానిక్కు తువ్వాలు మడత పెట్టి పలక మీద వేసి, దాని మీద గిటారు అంచు ఆనించి, లావు తీగ మీటాడు. బావ ముఖంలో చలనం లేదు. మళ్ళీ మీటాడు.

"వాయిస్తున్నావా, గోక్కుంటున్నావా?"

మెకానిక్కు తీగ మీదే వేలు ఆపాడు. ఇన్ని వారాల పని ఇందుకేనా? బావ చేత్తో తువ్వాలును తడిమి చూశాడు. "ఇదేంటి మధ్యలో, పరుపా?"

అక్క ముందుకు వంగి, పెదాలు కదిపి చెప్పింది: "కొత్త వార్నిషు గీసుకుపోతుందని."

"ఓరి నీ! దానికి తువ్వాలు, నాకు మూడు దుప్పట్లు. ముందు అది తీసెయ్యరా బావమరిదీ!"

తువ్వాలు లాగేశాడు. నిగనిగలాడే అంచును గరుకు పలకకు అదిమి, మళ్ళీ మీటాడు. ఈసారి మంచం మొత్తం 'గుమ్మ్' అంది. బావ అరచెయ్యి పలక మీద పరుచుకుంది. దిండు పక్కకు జరిగి, వీపు పలకకే ఆనుకుంది. కనుబొమలు మెల్లగా పైకి లేచాయి.

మెకానిక్కు వాళ్ళ పాత పాట ఎత్తుకున్నాడు. పైకి వెళ్ళే చోట, సన్న తీగ మీద ఒక మెట్టు దగ్గర స్వరం పుట్టీపుట్టకుండానే చచ్చింది. ఆ నమూనా గిటార్లకు అక్కడొక మూగ మెట్టు ఉంటుంది. నకలు చేసినవాళ్ళు ఎంత నిజాయితీపరులంటే, ఆ లోపాన్ని కూడా వదలకుండా దించేశారు. వాళ్ళ పాతదానికీ అంతే. ఆ గొయ్యి జనానికి తెలియకుండా బావ ప్రతిసారీ డ్రమ్ము అంచు మీద ఒక దెబ్బ వేసి పూడ్చేవాడు.

ఈసారీ ఆ స్వరం మునిగిపోయింది. మెకానిక్కు పళ్ళు బిగించాడు.

టక్.

బావ వేలి కణుపు పలక మీద పడింది, వెంట్రుకవాసి ఆలస్యం కూడా లేకుండా.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఇదీ మూగదేనా!" బావ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. "ఎక్కడ పట్టావురా? ఆపకు, ఆపకు."

ఎండ కిటికీ దిగి గోడ ఎక్కేదాకా వాయించాడు. ఆ మెట్టు వచ్చిన ప్రతిసారీ టక్ మంది. అక్క గుమ్మానికి చేరబడి, ఆ దెబ్బ కోసం ఊపిరి బిగబట్టి, పడగానే వదులుతోంది. చివరికి బావే చెయ్యి ఎత్తి ఆపమన్నాడు. "చాల్రా. బాగా ఉంది. అచ్చం మనదే," అని అటు తిరిగి పడుకున్నాడు.

తెల్లారి అక్క లేపబోతే లేవలేదు. నిద్రలోనే పోయాడు. ముఖం మీద ఎక్కడా కష్టపడిన జాడ లేదు.

అందరూ వెళ్ళిపోయాక, దిండ్లు తీసేసిన ఆ మంచానికి గిటారు ఆనించి ఉంది. తేనెరంగు అంచున, పలక ఒరుసుకున్న మేర వార్నిషు లేచిపోయి, వేలెడంత పచ్చి చెక్క కనబడుతోంది.