నీలం పోలేదు

ఎంజైమ్ పొడిని బఫర్ ద్రావణంలో కలిపేటప్పుడు తొందర పనికిరాదు. బీకరును ఐసు ముక్కల మధ్య పెట్టి, పొడిని చిటికెడు చిటికెడు చల్లుతూ, గాజు కడ్డీతో మెల్లగా తిప్పాలి. గట్టిగా కలిపితే నురగ వస్తుంది, నురగ వస్తే ఎంజైమ్ దెబ్బతింటుంది. ఎల్లారెడ్డిలో మా డిగ్రీ కాలేజీ ల్యాబులో నిలబడి నేనా పని చేస్తుంటే మా ఆయన సతీశ్ ఫోన్ చేశాడు. "జీలకర్ర ఏడ పెట్టినవ్?" పెళ్లయినప్పటి నుంచీ అదే అరలో, అదే డబ్బాలో ఉంది. చెప్పాను. కాసేపటికి మళ్లీ చేశాడు. ఈసారి తువ్వాల. "పనిల ఉన్న" అంటే నవ్వాడు. "ఏం పని? నీళ్లల్ల పొడి కలుపుడే గదా. షర్బత్ కలిపినట్టు కలిపి రా." సతీశ్ కామారెడ్డిలో జూనియర్ కాలేజీ లెక్చరర్, ఎకనామిక్స్ చెబుతాడు, ఇప్పుడు ఎండాకాలం సెలవుల్లో ఇంట్లోనే ఉన్నాడు. చదువుకోనివాడైతే నాకింత ఒళ్లు మండేది కాదు.

మర్నాడు మా పిల్లలకు ప్రాక్టికల్ పరీక్ష. పిండి నీళ్లలో అయోడిన్ చుక్క వేస్తే నీలంగా మారుతుంది. అమైలేజ్ అనే ఈ ఎంజైమ్ పిండిని చక్కెరగా విరిచేస్తే నీలం పోతుంది. నీలం పోతేనే వాళ్లకు మార్కులు. బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వస్తాడు, ఆయన ఏం చెబుతాడో దాన్నిబట్టి నన్ను వచ్చే ఏడాదికి ఉంచుకోవాలో వద్దో ప్రిన్సిపాల్ ఆలోచిస్తాడు. నేను గెస్ట్ లెక్చరర్‌ని. గెస్ట్ అన్న మాటే కానీ మర్యాదలేమీ ఉండవు. ల్యాబులో ఫ్రిజ్ ఉంది, సాయంత్రం కాగానే మెయిన్ ఆపేసి తాళం వేసుకుపోతారు. అందుకే కలిపిన ద్రావణాన్ని చిన్న చిన్న సీసాల్లో పోసి, థర్మాస్‌లో ఐసు నింపి, బస్సులో ఒళ్లో పెట్టుకుని కామారెడ్డి తీసుకెళ్లాను. లింగంపేట దాటేవరకూ సీటు దొరకలేదు. థర్మాస్‌ను చంటిపిల్లలా చంకనేసుకుని నిలబడ్డాను.

ఇంట్లో మా ఫ్రిజ్ హాల్లో ఉంటుంది, వచ్చినవాళ్లకు కనబడేలా. సీసాలను ఫ్రీజర్‌లో సర్దుతుంటే అత్తమ్మ వచ్చి నిలబడింది. "గవేంది?"

"రేపటి పరీక్షవి అత్తమ్మా. చల్లదనం పోతే చెడిపోతయ్, ఎవ్వరు ముట్టకుండ్రి."

"ఇంటి పని కాలేజీకి తీస్కపోతె ఊకుంటరా? కాలేజి పని ఇంటికెందుకు తెచ్చినవ్?" అంది. సతీశ్ సోఫాలోనే ఉన్నాడు. అన్నీ విన్నాడు. చీకటి పడ్డాక ఆయన దోస్తులు వచ్చారు. నేను వంటింట్లో మిర్చీలు వేయించి, ప్లేట్లు అందించి, వాళ్లు వెళ్లాక గిన్నెలు తోమి పడుకున్నాను. పొద్దున్నే చూస్తే సీసాలు ఎక్కడివక్కడే ఉన్నాయి, గట్టిగా గడ్డకట్టి. ఆ ఒక్క పనైనా సవ్యంగా జరిగిందనుకుని సంతోషపడ్డాను.

పరీక్షలో నీలం పోలేదు. ఒక్క పిల్లకూ పోలేదు. ఎగ్జామినర్ ప్రవీణ్ సార్ వాచీ చూసుకుంటూ బల్లల మధ్య తిరుగుతున్నాడు. ముందు బల్ల దగ్గర పల్లవి పరీక్షనాళికను వెలుతురుకు ఎత్తి చూస్తోంది. బిచ్కుంద వైపు నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడదు. నా వైపు తిరిగి, "నేనేమన్న తప్పు చేసిన్నా మేడం?" అని అడిగింది. అప్పటికే దాని కళ్లల్లో నీళ్లు. ఎవరూ ఏమీ అనకముందే తప్పు తనదే అనుకుంది.

వరండాలోకి వెళ్లి ఇంటికి ఫోన్ చేసి, రాత్రి సీసాలను ఎవరైనా ముట్టారా అని అడిగాను. "ఓ, గవా?" అన్నాడు సతీశ్. "ఐస్ ట్రేలకు జాగ లేకుంటే తీసి ఫ్రిజ్ మీద స్టెబిలైజర్ పక్కన పెట్టిన. వాళ్లు పోయినంక మళ్ల లోపల పెట్టిన గదా. గడ్డ కట్టలేదా?"

ఈ ఎండల్లో స్టెబిలైజర్ పక్కన చెయ్యి పెడితే కాలుతుంది. ఒకసారి వేడికి చెడిన ఎంజైమ్ మళ్లీ గడ్డకట్టినా బాగుపడదు. "కట్టినయ్," అన్నాను.

"మరింకేంది? ఎగ్జామినర్ ఎవరు? నాతోని చదివిన ప్రవీణా? ఆయన ముంగట నా పేరు తియ్యకు, ఇజ్జత్ పోతది. నువ్వే ఏదో మర్శిపోయినవని చెప్పు."

అట్లా చెప్పడం నాకు కొత్త కాదు. పప్పులో ఉప్పెక్కువైనా, అత్తమ్మ బీపీ గోలీలు అయిపోయినా, ఆయన బండి తాళం ఆయనే ఎక్కడో పడేసుకున్నా, "నాదే పొరపాటు" అనేసేదాన్ని. అలిసిపోయి అనేదాన్ని. వాళ్లేమో ఒప్పుకుని అంటున్నాననుకున్నారు.

లోపలికి వచ్చి పిల్లలకు చెప్పాను. "మీ తప్పేం లేదు. ఎంజైమ్ చెడిపోయింది. పోయి నోళ్లు పుక్కిలించుకుని రండి." అమైలేజ్ మన ఉమ్మిలోనే ఉంటుంది. నేనూ నోరు కడుక్కుని, బీకరులో ఉమ్మి, శుద్ధమైన నీళ్లు కలిపి, రవ్వంత ఉప్పు వేసి, దూదిలోంచి వడకట్టాను. ప్రవీణ్ సార్ రెండడుగులు వెనక్కి వేశాడు. "ఎంగిలితోనా మేడం, పరీక్ష?"

"సిలబస్‌ల ఉన్నదే సార్," అన్నాను. ఇంట్లో ఆయన తిని లేచిన కంచంలోనే నేను తినాలని అత్తమ్మ పట్టుబట్టినప్పుడు ఎంగిలి అన్న మాట ఎవరికీ గుర్తు రాలేదు. పిల్లలు సిగ్గుపడి నవ్వుకుంటూ వాళ్ల వాళ్ల బీకర్లు పట్టుకొచ్చారు. పరీక్షనాళికలను గోరువెచ్చని నీళ్లలో నిలబెట్టాం. కాసేపటికి పల్లవి నాళికలో నీలం గోధుమరంగుకు తిరిగి, తర్వాత అదీ పోయింది. వరసగా అందరివీ పోయాయి. నాకు ఏడుపొచ్చింది, ఆపుకున్నాను.

పిల్లలు గాజు సామాను కడుగుతుండగా ప్రిన్సిపాల్ వచ్చాడు. ముందు చేసిన ఎంజైమ్ ఎందుకు పనిచేయలేదని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు ప్రవీణ్ సార్ అందుకున్నాడు. "ఇప్పుడే సతీశ్ నాకు ఫోన్ చేసిండు సార్. రాత్రి వాళ్లింట్ల కరెంటు పోయిందట. రిపోర్టుల గదే రాస్త."

"కరెంటు పోతే ఎవరేం చేస్తరమ్మా," అన్నాడు ప్రిన్సిపాల్, ఎంతో దయగా. "మీ మీదికి మాట రాదు. వచ్చే ఏడు కూడా మీరే చూసుకోండి."

నేను తల ఊపితే చాలు. నా ఉద్యోగం ఉంటుంది, మా ఆయన ఇజ్జత్ ఉంటుంది, రాత్రికి ఇంట్లో గొడవ కూడా ఉండదు. తల ఊపడానికి ఎంతో ఓపిక అక్కర్లేదు, కానీ నాకు ఆ ఓపిక కూడా లేకుండా పోయింది. నల్లా కింద పల్లవి చేతులు ఆగిపోయాయి, అది నా వైపే చూస్తోంది.

"కరెంటు పోలేదు సార్," అన్నాను. "దోస్తులకు ఐసు కావాలని మా ఆయన తీసి బయట పెట్టిండు. గదే రాయుండ్రి."