నల్లరేగడిలో ఆర్కిడ్

క్రిస్టీనా పోయిన నలభయ్యో రోజున ఆమె పెంచిన ఆర్కిడ్ ఆకులు వాల్చింది. ఆమె చేతి మీద పెరిగి, ఆ ఇంట్లో ఇంకా ప్రాణంతో ఉన్నది అదొక్కటే. దాన్ని ఎలాగైనా బతికించాలి. తండ్రి బాలస్వామికి మరో ఆలోచన లేదు.

దర్శి పక్క పల్లెలో ముప్పయ్యేళ్లుగా మిరప వేస్తున్న మనిషి. కొబ్బరిపీచు ముక్కకు కట్టి కిటికీకి వేలాడదీసిన మొక్క, గాలిలో ఊగే దాని వేర్లు ఆయనకు మింగుడుపడలేదు.

“మట్టి లేకుండా మొక్కేందే?”

చేలోంచి బకెట్టెడు నల్లరేగడి తెచ్చి కుండీలో పోసి మొక్కను నాటాడు. మిరప నారుకు నొక్కినట్టే బొటనవేళ్లతో మొదలు చుట్టూ గట్టిగా నొక్కి, చెంబెడు నీళ్లు పోశాడు.

“అది చెట్ల మీద బతికే మొక్కంట. పిల్ల చెప్పలా?” అంది భార్య ఎలీసమ్మ.

“పిల్లకేం తెలుసు? ఏనాడన్నా కాయ కోసిందా, కలుపు తీసిందా?”

అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఉబ్బసం పిల్ల. చేలోకి ఎప్పుడు రానిచ్చారు గనక!

మూడో రోజు ఉదయం పిల్ల గదిలోంచి పిల్లికూతలు వినిపించాయి. ఊపిరి అందనప్పుడు క్రిస్టీనా ఛాతీలోంచి వచ్చే కూతలు.

“నీళ్లు ఇంకే చప్పుడేలేవే,” అన్నాడాయన.

“నీళ్లు పోసి రెండ్రోజులైంది గదయ్యా!”

బాలస్వామి లోపలికి వెళ్లాడు. ఎవరూ లేరు. కూత కుండీలోంచే వస్తోంది. కూతకూ కూతకూ మధ్య ఎడం పెరుగుతోంది. ఒంగోలు ఆసుపత్రి దారిలో, ఆటోలో, కూతురి తల ఒళ్లో పెట్టుకుని విన్నాడు ఆ ఎడాన్ని.

కుండీని నేలకేసి కొట్టాడు. గట్టిపడిన మట్టిగడ్డను గోళ్లతో చీల్చాడు. వేర్లు కుళ్లి జిగటగా చేతికంటుకున్నాయి. ఒక్క వేరు మాత్రం పచ్చగా ఉంది. దాన్ని కడిగి, మొక్కను మళ్లీ పీచుకు కట్టి, కిటికీ బార్లా తెరిచాడు.

కూత ఆగింది.

వీధిలో కూలీలు ట్రాక్టరు మీంచి ఎండుమిరప టిక్కీ బస్తాలు దింపుతున్నారు. గాలి ఇటు తిరిగింది. ఘాటు గదిలోకి కొట్టింది. ఆయన వెనక, ఖాళీ మంచం మీద, ఎవరో దగ్గారు.

కిటికీ మూస్తే మొక్కకు గాలుండదు.

బాలస్వామి వీధిలోకి పరుగెత్తాడు. “ఒరేయ్, ఇక్కడొద్దురా! అవతలకి తీసుకుపోండి! పిల్ల దగ్గుతోంది!”

అందరూ భుజాల మీది బస్తాలతో నిలబడిపోయారు. క్రిస్టీనా గుంటలో పిడికెడేసి మన్ను వేసి వచ్చినవాళ్లే వాళ్లంతా.

కిటికీ ఊచల్లోంచి ఎలీసమ్మ చెయ్యి ఊపింది.

“తొందరగా తియ్యండయ్యా! దగ్గు ఆగట్లా!”