పాలిచ్చే తల్లి కేసు

లా కాలేజీలో కళాఖండాల చట్టం, వారసత్వ సంపద చట్టం చెప్పే మేడమ్‌కి శనివారం సాయంత్రం క్లాసంటే ప్రాణం. దానికి డిగ్రీ అక్కర్లేదు, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. ఆ ఏడాది వచ్చిన ఆ ఎవరైనా మొత్తం తొమ్మిది మంది. ఎనిమిది మంది పాతికేళ్ళ లోపు వాళ్ళు. తొమ్మిదో ఆయన డెబ్బై దాటిన రాతిపని మేస్త్రీ. సుత్తి మోతకి చెవులు సగం మొద్దుబారాయి కాబట్టి ముందు బెంచీ ఆయనదే. అందరూ తాతగారనే పిలిచేవాళ్ళు.

తాతగారి ప్రశ్నలు సూటిగా ఉండేవి.

"మేడమ్, పాతది ఎత్తుకెళ్తే దొంగతనం. సరే. దాన్ని చూసి అలాంటిదే కొత్తది చేస్తే?"

"చేయడం తప్పు కాదు తాతగారూ. అది పాతదేనని చెప్పి అంటగడితే మోసం."

"చేసినవాడికి ఆ సంగతి తెలీకపోతే?"

"తెలుసా లేదా అన్నదే చట్టం ముందు చూస్తుంది."

ఆయన ఆ మాట నోట్‌బుక్కులో పెద్ద అక్షరాలతో రాసుకుని కింద రెండు గీతలు గీశాడు.

ఐదో వారం మేడమ్ తనకి బాగా ఇష్టమైన పాఠం ఎత్తుకుంది. పాలిచ్చే తల్లి కేసు. పాత కోట ద్వారం పక్కన వందల ఏళ్ళు ఉన్న నల్లరాతి విగ్రహం, ఒడిలో పసిబిడ్డ. నలభై మూడేళ్ళ క్రితం మాయమై, చివరికి పరాయి దేశపు మ్యూజియంలో తేలింది. పాత ఫోటోలు, కొలతలు, ఉత్తరాలు ఆరేళ్ళపాటు పోగేసి దాన్ని వెనక్కి రప్పించి, ఊళ్ళో మ్యూజియంలో పెట్టించింది మేడమే. విగ్రహం పక్కన ఆవిడ నిలబడ్డ ఫోటో పేపర్లో పడితే అత్తగారు ఫ్రేము కట్టించి హాల్లో తగిలించారు.

క్లాసు అయిపోయింది. అందరూ వెళ్ళినా మేస్త్రీ లేవలేదు. మేడమ్ ప్రొజెక్టర్ ఆపబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒక్క నిమిషం ఉంచండమ్మా. చూసి చాలా కాలమైంది."

"మ్యూజియంకి వెళ్తే ఎదురుగా నిలబడి చూడొచ్చు కదా!"

"ధైర్యం చాల్లేదు. ఆ తల్లిని చెక్కింది నేనమ్మా."

మేడమ్ నవ్వింది. ఆయన నవ్వలేదు.

అప్పుడాయనకి ముప్పై ఏళ్ళు కూడా లేవు. కొత్త పెళ్ళికొడుకు, తన చేతి పని మీద మహా గర్వం. ఒకాయన వచ్చి, మా ఇంటి గేటుకి ఒక పక్క విగ్రహం ఉంది, రెండో పక్కకి దాని జోడీ కావాలన్నాడు. ఊరి చివర షెడ్డులో గోనెపట్టా తీసి అసలుది చూపించాడు. మేస్త్రీ ఒళ్ళు మరిచిపోయి నాలుగు నెలలు చెక్కాడు. ఆ తర్వాతెప్పుడో కోట ద్వారం దగ్గర విగ్రహం పోయిందని చెవిన పడింది. షెడ్డులో చూసింది అదేనని అర్థమైంది. జైలుకి భయపడి బయట ఎవరికీ చెప్పలేదు.

"మా ఆవిడ బతికున్నన్నాళ్ళూ చెప్పెయ్యమని పోరింది. మీ క్లాసు సంగతి మనవరాలు చదివి వినిపిస్తే, ముందు నా తప్పు ఎంతో తెలుసుకుందామని వచ్చా."

"ఇన్నాళ్ళకా తాతగారూ చెప్పడం?" మేడమ్ గొంతు తనకే తెలియకుండా పెరిగింది. ఆరేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరయ్యేలా ఉంది. ఆయన తల వంచుకుని నోట్‌బుక్కు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున అత్తగారు బఠాణీలు ఒలుస్తుంటే మేడమ్ పక్కనే కూలబడింది.

"అత్తయ్యా, ఆ ఫోటో తీసెయ్యాల్సి వస్తుందేమో."

అత్తగారు అంతా విన్నారు. "ఆయన నోరు మూసుకుంటే ఎవరైనా అడిగేవాళ్ళా?"

"లేదు."

"ఈ వయసులో జైలుకి పంపిస్తారేమోనని భయపడుతూనే వచ్చి చెప్పాడు. నువ్వేమో ఆయన మీద అరిచొచ్చావు. ముందు వెళ్ళి ఆ మనిషిని పలకరించు. ఫోటోదేముంది, మేకు ఎలాగూ ఉంది, క్యాలెండర్ తగిలించుకుందాం."

మంగళవారం మ్యూజియంకి సెలవు. మేడమ్ ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళి క్యూరేటర్ గదిలో కూర్చోబెట్టింది. విగ్రహం చూపించకముందే గుర్తులు కాగితం మీద రాయమంది. బిడ్డ ఎడమ కాలి చిటికెనవేలు చెక్కేటప్పుడు విరిగితే రాతిపొడి, లక్క కలిపి అతికించానని ఆయన బొమ్మ గీసి చూపించాడు. దిమ్మ కింద రంధ్రం మరతో తొలిచానని, లోపల చేత్తో తడిమితే గుండ్రటి గీతలు తగులుతాయని రాశాడు.

క్యూరేటర్ లైట్లన్నీ ఆర్పి, అతుకులు బయటపెట్టే ఊదారంగు దీపం పట్టాడు. చిటికెనవేలి చుట్టూ సన్నటి నారింజ గీత మెరిసింది. తర్వాత ఇద్దరు పనివాళ్ళు విగ్రహాన్ని వాల్చి పట్టుకున్నారు. క్యూరేటర్ రంధ్రంలో వేలు పెట్టి, చాలాసేపు తియ్యలేదు.

"ఈ గీతలు మేం చూడకపోలేదు మేడమ్. విగ్రహాన్ని నిలబెట్టే ఇనప కడ్డీ బిగించడానికి దొంగలు తొలిచారనుకున్నాం." మేస్త్రీకి వినపడకుండా గొంతు తగ్గించాడు. "ఇప్పుడిది బయటపెట్టాలా? జనం వచ్చి సంతోషంగా చూసి వెళ్తున్నారు. ఎవరికి నష్టం?"

ఆ మాట మేడమ్‌కి తియ్యగానే వినిపించింది. అందుకే సిగ్గనిపించింది.

"అసలు తల్లి ఎక్కడో ఉంది కదండీ. దొరికేసిందని మనం చాటబట్టే ఎవరూ వెతకడం లేదు. ప్రభుత్వానికి ఉత్తరం నేనే రాస్తాను."

రాసింది. దొంగలు అసలుదొకరికి, నకలొకరికి అమ్మి ఉంటారని, తాను నకిలీని అసలనుకున్నానని దాచకుండా రాసింది. 'నకిలీకి పూలదండ' అని పేపర్లు ఎగతాళి చేశాయి. నిపుణుల కమిటీ నుంచి ఆవిడ పేరు తీసేశారు. తర్వాతి శనివారం ఆ కేసే మళ్ళీ మొదటినుంచి చెప్పి, తాను ఎక్కడ తొందరపడిందో బోర్డు మీద రాసింది.

మేస్త్రీ వాంగ్మూలం ఇచ్చే రోజు మేడమ్ ఇప్పుడు లాయరైన తన పాత విద్యార్థినిని ఆయన పక్కన కూర్చోబెట్టింది. "ఈ కేసులో నేనూ ఉన్నాను, మీ తరఫున నేను మాట్లాడకూడదు" అని నచ్చజెప్పింది.

"అసలు విగ్రహాన్ని ఎలా గుర్తుపట్టడం?" అధికారి అడిగాడు.

"ఎడమ చెవి వెనక వెంట్రుకంత పగులు. కిందికి దిగి రెండు పాయలవుతుంది. అదొక్కటీ నేను చెక్కలేదు."

"ఎందుకని?"

"దెబ్బ తగిలిన చోటే మళ్ళీ కొట్టబుద్ధి కాలేదండీ."

చెక్కేటప్పుడు మోసం సంగతి ఆయనకి తెలుసనడానికి ఆధారం లేదని తేల్చి, ఆయన్ని సాక్షిగానే ఉంచారు. మ్యూజియంవాళ్ళు విగ్రహం కింద బోర్డు మార్చి, చెక్కినవాడిగా ఆయన పేరు రాశారు. ఆయన అది చూసి, అక్షరాలు మరీ పెద్దవయ్యాయని గొణిగాడు.

ఏడు నెలలకి దూరదేశపు వేలంపాట కేటలాగులో ఒక నల్లరాతి తల్లి కనబడింది. మేడమ్ ఆ సంస్థకి రాసి వెనకవైపు ఫోటోలు తెప్పించింది. చెవి వెనక పగులు, రెండు పాయలు. అమ్మకం ఆగింది, దావా పడింది. ఆ ఫోటోలు పట్టుకుని ఆవిడ మేస్త్రీ ఇంటికి వెళ్ళింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, ఒక్కో ఫోటోనీ కిటికీ వెలుతురులో పెట్టి చూశాడు.

"నేను ముక్కు కాస్త లావు చేశానమ్మా," అన్నాడు చివరికి. "వాయిదా ఎప్పుడు?"

"వచ్చే ఏడాది. మీ సాక్ష్యం కావాలంటున్నారు. అంత దూరం ప్రయాణం, మీ వల్ల అవుతుందా?"

"అవుతుంది. అందాకా నేను చావనులెండి."

లోపల్నుంచి మనవరాలు రెండు కప్పుల కాఫీ తెచ్చింది. మేడమ్ కుర్చీ ఆయన చెవి దగ్గరికి జరుపుకుని, కోర్టులో ఏమేం అడుగుతారో గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది.