ముప్పై ఒకటో సీను

వెర్నా హాస్కెట్ దేన్నీ మరచిపోదని, ఆమె కన్నూ కెమెరా కన్నూ ఒకటేనని ఆ స్టూడియోలో అందరి నమ్మకం. వారం వారం టీవీలో వచ్చే ఆ కౌబాయ్ కథల్లో ఎవరి టోపీ ఎటు వంగి ఉందో, గ్లాసులో విస్కీ ఎంతవరకు ఉందో ఆమె చెప్పాక తిరుగులేదు. లైట్లు మోసేవాళ్ళు, "మా పెళ్ళిరోజు ఎప్పుడో వెర్నా గారినడిగి చెప్పండ్రా, ఇంట్లో అడిగితే మా ఆవిడ చంపేస్తుంది" అని నవ్వుకునేవారు.

ఆ ఉదయం కూడా ఆమె కాన్వాసు కుర్చీలో కూర్చుని, మోకాళ్ళ మీది ఫైలులో పెన్సిలుతో గబగబా రాస్తోంది. వయసు అరవై ఒకటి. మెడలో స్టాప్‌వాచీ, బిగుతు బూట్లలో ఉబ్బిన పాదాలు, తొమ్మిదేళ్ళ కాలిఫోర్నియా ఎండకు చేతుల నిండా మచ్చలు. సినిమావాళ్ళు కథ వరుసలో సీన్లు తీయరు. ముగింపు పొద్దున తీస్తారు, మొదలు మధ్యాహ్నం తీస్తారు. రెండింటినీ అతికేది ఆమె రాత.

ఆ వారం కథ, తలకు దెబ్బ తగిలి తానెవరో మరచిపోయిన ఒక రౌతుది. ముప్పై ఒకటో సీనులో భార్య అతని కణత మీది గాయాన్ని తుడుస్తూ, అతడు వెళ్ళిన రోజును గుర్తుచేస్తుంది.

"కంచె దాటాక వెనక్కి తిరిగావు. చెయ్యెత్తావు. ఎడమ చెయ్యి. కుడిచేతిలో కళ్ళెం ఉంది."

చేతులు, గుండీలు, చుట్టలు చూడడమే వెర్నా పని. మాటలను ఆమె గడియారంతో కొలిచేదే గాని చెవిన పెట్టేది కాదు. ఈసారి విన్నది. పద్దెనిమిదేళ్ళ కిందట ఆమె భర్త ఎమ్మెట్ యుద్ధానికి పోతూ రైలు మెట్టు మీద నిలబడి చెయ్యి ఊపాడు. మళ్ళీ రాలేదు. అతని కోటు రంగు తెలుసు. స్టేషను గడియారంలో వేళ తెలుసు. ఊపింది ఏ చెయ్యి? ఎంత వెతుక్కున్నా ఆ చెయ్యి కంటికి అందలేదు. డైరెక్టరు రాయిస్ "కట్" అన్నాడు. అందరూ కాఫీకి కదిలారు. ఆమె అక్కడే కూర్చుంది.

మధ్యాహ్నం, రౌతు వాగులో పడి ఉండే పన్నెండో సీను. మేకప్ మనిషి ఓటిస్ హీరో ఎడమ కణత మీద ఎర్రరంగు అద్దుతున్నాడు.

"గాయం ఎటు, వెర్నా గారూ?" రాయిస్ అడిగాడు, అలవాటుగా.

ఆమె ఫైలు తెరిచింది. ముప్పైమంది, నాలుగు గుర్రాలు, దిగిపోతున్న ఎండ ఆమె జవాబు కోసం ఆగాయి.

"కుడి," అంది.

ఓటిస్ దూది దించాడు. "పొద్దున ఎడమ పక్కే వేశానండీ. నా చేత్తోనే."

"పొద్దున్నే ఎన్ని పెగ్గులు వేశావేంటి? ఆవిడ చెప్పాక నీ మాటేంటి?" రాయిస్ కసిరాడు. "నిరుడు సీను సీనుకీ మీసం మార్చేసిందీ నువ్వే. ఇవాళ్టితో సామాను సర్దుకో."

ఓటిస్ మళ్ళీ దూది ఎత్తాడు. ఎడమ కణత మీది రంగు తుడవసాగాడు.

"తుడవకు, ఓటిస్," అంది వెర్నా. "ఎటో నాకు తెలీదు. ఊరికే అనేశాను."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

"మీకు తెలీకపోవడమేంటి?" అన్నాడు రాయిస్.

"పొద్దున ఆ సీను తీస్తున్నప్పుడు మా ఆయన్ని తలుచుకుంటున్నాను. పాపం, ఇతన్నెందుకు పంపడం? నేను వెళ్తాలే."

"ఒక్క పొరపాటుకా?"

"పొరపాటుకి కాదు నాయనా. తొమ్మిదేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ చేతులన్నీ చూశాను. ఇంక కొన్నాళ్ళు ఆయన చెయ్యి వెతుక్కుంటాను."

గాయం ఎడమ పక్కనే ఉంచి సీను తీశారు. ఎండ పోయేలోగా అయిపోయింది. వెర్నా స్టాప్‌వాచీ తీసి రాయిస్ చేతిలో పెట్టి, బూట్ల దుమ్ము దులుపుకుని, గేటు దగ్గర బస్సెక్కింది.

కుర్చీలో ఆమె ఫైలు ఉండిపోయింది. ఓటిస్ దాన్ని తెరిచాడు. ప్రతి పేజీలోనూ చీమల బారులా అక్షరాలు: తెగిన గుండీ, కాలిన చుట్ట పొడుగు, గుర్రం ఏ కాలు ముందు వేసిందీ. ముప్పై ఒకటో సీను పేజీలో పైన అంకె ఒక్కటే ఉంది. కింద అంతా తెల్ల కాగితం.