వాగు వైపు వాల్వు

మొగులయ్య నిచ్చెన మీద నిలబడి తొట్టిలోకి కర్ర దింపాడు. పైకి తీస్తే కర్రంతా తేనె రంగు తడి. అంచుకు ఇక జానెడే ఖాళీ. మూతికి కట్టుకున్న తువ్వాలు బిగించుకుని కిందికి దిగి, ఆఫీసుకు ఫోన్ చేసి ఆ మాటే చెప్పాడు. పొద్దున షిఫ్టుకు రాగానే అతని మొదటి పని అది.

గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీ వెనక గోడను ఆనుకుని ఉంది ఆ సిమెంటు తొట్టి. మందులు చేయగా మిగిలిన మురికినీరంతా అందులోకే వస్తుంది. దాన్ని ట్యాంకర్లలో శుద్ధి కేంద్రానికి పంపాలి. మేనేజరు రాజశేఖర్ ఖర్చని పంపడు, పెద్ద వాన కోసం చూస్తాడు. వాన దంచేటప్పుడు తొట్టి అడుగున వాల్వు తిప్పితే నీరు గోడ కిందనుంచి వాగులో కలిసిపోతుంది. వరద ఎర్రగా ఉంటుంది కనుక ఎవరికీ తెలియదు.

మొన్నటి మూడేళ్లూ వరసగా పెద్ద వానలే. మూడేళ్లూ వాల్వు తిరిగింది. వాగు దిగువన మొగులయ్యకు కొంత మడి, మూడు బర్రెలు ఉండేవి. మొదట వరి తెల్లబడింది. ఆఖరి ఏడు, వరద తీసిన మర్నాడు, బర్రెలు వాగులో నీళ్లు తాగివచ్చి కొట్టం ముందే కూలబడ్డాయి. వాటిలో ఒకటి చూడిది. అతని భార్య పుష్పమ్మ దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బర్రె ఊపిరి ఆగాక కూడా కడుపులో దూడ కాసేపు కదిలింది.

మొగులయ్య వెళ్లి ఫ్యాక్టరీ గేటు ముందు కూర్చున్నాడు. రాజశేఖర్ కారు అద్దం దించి, వరదకు తామేం చేస్తామన్నాడు. ఎంతకూ లేవకపోయేసరికి ఉద్యోగం ఇస్తానన్నాడు, ఆ తొట్టి దగ్గరే. మొగులయ్య తలూపాడు.

"బర్రెలను సంపినోళ్ల కాడ కొలువు జేస్తవా?" అంది పుష్పమ్మ.

అతడు మర్నాడే పనిలో చేరాడు. అప్పటినుంచి ఆమె అతనికి అన్నం పెడుతుంది గాని ఎదురుగా కూర్చోదు. పాలమ్మిన ఇంట్లోకి ఇప్పుడు ప్యాకెట్ పాలు వస్తున్నాయి. ఆమె కత్తెరతో ప్యాకెట్ మూల కత్తిరిస్తుంటే అతడు చూడకుండా చొక్కా తొడుక్కుని బయలుదేరుతాడు.

అతడు పనిలో చేరిన మరుసటి ఏడే వానలు మొహం చాటేశాయి. శ్రావణం సగమైనా చెరువుల్లోకి చుక్క రాలేదు. ఆ పొద్దున టీ దగ్గర, ల్యాబులో పనిచేసే థామస్ దీన్ని ఎల్ నినో అంటారని చెప్పాడు. ఎక్కడో పసిఫిక్ సముద్రం నీళ్లు వేడెక్కితే చాలాసార్లు ఇక్కడ వానలు తగ్గుతాయట. అవే చల్లబడితే దంచికొడతాయట, మొన్నటి మూడేళ్లూ అలాంటివేనట.

"అంటె మల్ల చల్లబడ్తయా సారు?"

"పడతాయి. అటు కొన్నాళ్లు, ఇటు కొన్నాళ్లు. ఈలోగా ఒకటో అరో వాన రాకపోదులే. ఏమైనా విత్తనం వేశావా?"

"లేదు సారు. వాన కొరకు సూస్తున్న, గంతే."

మధ్యాహ్నం దాటాక పడమట మబ్బు లేచింది. రాజశేఖర్ ఫోన్ చూసుకుంటూ తొట్టి దగ్గరికి వచ్చాడు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి అదే మబ్బును చూశారు.

"గట్టిగ పట్టుకోంగనే మొత్తం తిప్పు మొగులయ్యా. సాయంత్రం వరకు తొట్టి ఖాళీ కావాలె," అని చెప్పి రాజశేఖర్ లోపలికి వెళ్లాడు.

వాన పట్టుకుంది. మొగులయ్య వాల్వు దగ్గర వంగి, నట్టు విప్పి, దాన్ని తిప్పే ఇనప చక్రం ఊడదీశాడు. నిచ్చెనెక్కి దాన్ని తొట్టిలో పడేశాడు. తర్వాత ల్యాబు కిటికీ తట్టి, కింద ఉన్నవాళ్లను మేడ మీదికి పంపమని థామస్‌తో చెప్పాడు. థామస్ అతని ముఖం చూసి వెంటనే లేచాడు.

పైనుంచి వాన, గొట్టంలోంచి మురుగు. తొట్టి పొర్లింది. లోపల పంపు ఆపేసరికే ఆ చిక్కటి నీరు వాలు పట్టుకుని ఆఫీసు అద్దాల తలుపు కిందనుంచి దూరి, పూలకుండీలను తోసుకుంటూ గేటు దాటి, రోడ్డెక్కింది. షిఫ్టు బస్సుల్లోని వాళ్లు ముక్కులు మూసుకుని ఫోన్లలో వీడియోలు తీశారు. గోడకు అవతల వాగు ఉత్త మట్టినీళ్లతో ఎర్రగా పారుతోంది.

రాజశేఖర్ ప్యాంటు పైకి పట్టుకుని ఆ నీళ్లలోనే నడిచి వచ్చాడు. మొగులయ్య అతని బూట్లనే చూశాడు. అవి మునిగేదాకా చూశాడు. ఒళ్లంతా వెచ్చబడినట్టయింది.

"చక్రం ఏది?"

"తొట్ల ఉన్నది."

"పిలిచి కొలువిచ్చిన గదరా. నీకేం తక్కువ జేసిన?"

ఏడాదిగా ఆ ఘడియ కోసం మొగులయ్య ఎన్నో మాటలు కూడబెట్టుకున్నాడు. అన్నీ పక్కనపెట్టి ఒక్కటే అన్నాడు.

"దాని కడుపుల దూడ ఉండె సారు."

"ఏ దూడ?" అన్నాడు రాజశేఖర్.

నిజంగానే అతనికి తెలియదు. మొగులయ్య తొట్టి పక్క మెట్టు మీద కూర్చుని బూట్లలోంచి కాళ్లు విడిపించుకున్నాడు. ఇల్లెక్కడో అక్కడ అందరికీ తెలుసు, పోలీసులు వెతుక్కోనక్కర్లేదు. వెనక తలుపు తీసుకుని, వట్టికాళ్లతో వాగు గట్టు మీదుగా ఇంటి దారి పట్టాడు.

తొట్టి మెట్టు మీద కంపెనీ ఇచ్చిన రబ్బరు బూట్లు రెండూ జంటగా నిలబడి, సన్నబడిన వానలో మెల్లగా నిండుతున్నాయి.