మరిడమ్మ మంచం కింద పెట్టె

నేను ఒక పెట్టెను. చక్రాలున్న నీలం సూట్‌కేసును. ఏదో ఊళ్ళో ప్లాస్టిక్ రేకును కాల్చి అచ్చులోకి లాగితే పుట్టాను. నొప్పి తెలియలేదు. ఆ తరవాత కూడా నాకు పెద్దగా ఏమీ తెలిసేది కాదు. బట్టలు పెడితే మోశాను, తీసేస్తే ఖాళీగా ఉన్నాను. మనుషులు నా మీద కూర్చుని జిప్పు లాగుతూ, ఇంకా పట్టలేదని నన్నే తిట్టారు. పట్టనన్ని పెట్టింది తామేనన్న సంగతి వాళ్ళకు గుర్తుండదు.

నన్ను మొదట కొన్న మనిషి కువైట్‌లో ఇంటి పని చేసేది. తిరిగొచ్చి, ఇక చాలనుకుని, కాకినాడ దగ్గర మడ అడవి అంచున ఉన్న జాలరిపేటలో తన పెద్దమ్మ మరిడమ్మకు నన్ను ఇచ్చేసింది. మరిడమ్మ ఇల్లు పేటకు ఉత్తరం కొసన, రోడ్డు మలుపులో ఉంటుంది. ముసలావిడ ఒంటిది. నులకమంచం, చుట్టల కట్ట, నేను. అంతే ఆవిడ సంసారం. నాతో ఆవిడ ఎక్కడికీ వెళ్ళలేదు. పేటలో ఎవరికి ప్రయాణం పడ్డా నన్ను అడిగి పట్టుకెళ్ళేవారు. తిరుపతి కొండ ఎక్కాను, పెళ్ళిళ్ళకు వెళ్ళాను, ఆసుపత్రి వార్డుల్లో పడుకున్నాను. తిరిగొచ్చి మంచం కింద చేరేదాన్ని.

ఒక్క విషయం మాత్రం గమనించాను. నన్ను అరువు తీసుకున్నవాళ్ళు బయలుదేరే వేళకు మరిడమ్మ లోపలికి వెళ్ళి తలుపు వేసుకునేది. ఆవిడ చిన్న వయసులోనే మొగుణ్ణి పోగొట్టుకుంది. ప్రయాణమై వెళ్ళేవాళ్ళకు విధవ ఎదురు రాకూడదట. వాళ్ళ చేతిలోని పెట్టె ఆవిడదే అయినా ఫరవాలేదు, ఆవిడ ముఖమే పనికిరాదు. మనుషుల లెక్కలు నాకు అర్థం కావు గనక నేను బాధపడలేదు.

నిరుడు నన్ను ధనకుమారి అడిగింది. ఆమె మొగుడు అంతకు కొన్నేళ్ళ ముందు తుఫానులో పోయాడు. శవం దొరకలేదు. ఆమె ఏడవలేదు. మర్నాటి నుంచి అతని నావ తనే తీసుకుని, మడ అడవి చూడ్డానికి వచ్చేవాళ్ళను తెడ్డు వేసి తిప్పడం మొదలుపెట్టింది. పేటలో ఇంకొంతమంది ఆడవాళ్ళు చేరి జట్టయ్యారు. ఇంజన్ మోత ఉండదు, కాయితం ముక్క కూడా నీళ్ళలో పడనివ్వరు. ఈ సంగతి ఎవరి ద్వారానో పోర్చుగల్ దాకా పాకింది. ఊరికీ అడవికీ చేటు లేకుండా పర్యాటకం ఎలా నడపాలో మాట్లాడుకోవడానికి అక్కడ అంతర్జాతీయ వర్క్‌షాపు పెడుతున్నారు. ధనకుమారి వచ్చి జట్టు తరఫున మాట్లాడాలని పిలిచారు. టికెట్టు, వీసా ఆమె పేరు మీదే. ఆమె వెళ్ళకపోతే ఇంకొకరు వెళ్ళే వీలు లేదు. మడ అడవి కాలువలోకి ఇంజన్ పడవలు దింపుతామని అప్పటికే డబ్బున్నవాళ్ళు అనుమతుల కోసం తిరుగుతున్నారు. తెడ్డు పడవల మాట వినిపించడానికి దొరికిన చోటు అదొక్కటే.

ఏర్పాట్లన్నీ కాకినాడలో స్వచ్ఛంద సంస్థ నడిపే సుచరిత చూసింది. వీసాకు హైదరాబాదు తీసుకెళ్తే, తెడ్డు పట్టి అరిగిపోయిన ధనకుమారి వేళ్ళను వేలిముద్రల మిషను ఒక పట్టాన ఒప్పుకోలేదట. విమానంలో కిటికీ పక్కన కావాలా అని అడిగితే ధనకుమారి "ఏదైనా పరవాలేదండి" అంది. భోజనం ఏం చెప్పమంటావంటే అదే మాట. గదిలో ఒక్కదానివే ఉంటావా, తోడు కావాలా అంటే కూడా అదే మాట. సుచరిత ఆమెను వినయవంతురాలనుకుంది. నాకు తెలుసు, అది వినయం కాదు. నా లోపల ఉండే ఖాళీ లాంటిదే ఆమెకూ ఉంది.

నాలో అరువు స్వెట్టరు, స్టీలు సీసా, అక్కడి ప్లగ్గుకు సరిపడే పిన్ను, పాస్‌పోర్టు పెట్టారు. గాలి పాడవకుండా లోకం ఎలా తిరగాలో చెప్పుకోవడానికి దేశదేశాలవాళ్ళు విమానాలెక్కి వస్తున్నారు. ప్లాస్టిక్ ఏదీ తేవద్దని ఆహ్వానం కాయితంలో రాశారు. ఆ కాయితాన్ని మడిచి నాలోనే దాచారు. నేనేమిటో ఎవరికీ తట్టలేదు.

ఆ కాయితంలో లేని ఏర్పాటు ఒకటి ధనకుమారి అత్త నూకాలమ్మ చేసింది. ప్రయాణం మంగళవారం, వెళ్ళేది విశాఖపట్నం విమానాశ్రయానికి. మంగళవారం ఉత్తరానికి శూల, ఆ రోజు అటు బయలుదేరకూడదు. తేదీ మార్చమని నూకాలమ్మ అడిగితే, విమానం మనకోసం ఆగదని సుచరిత చెప్పింది. అందుకని ప్రస్థానం పెట్టారు. అంటే, మంచి రోజు చూసి, వెళ్ళే దిక్కున ఉన్న ఇంట్లో సామాను ముందుగా పెడితే మనిషి బయలుదేరినట్టే లెక్క. తరవాత ఎప్పుడు కదిలినా దోషం లేదు. ఒకసారి పెట్టాక సామాను వెనక్కి మాత్రం తేకూడదు. ఉత్తరం కొసన ఉన్న ఇల్లు మరిడమ్మదే. ఆదివారం పొద్దున్న నన్ను తెచ్చి మళ్ళీ నా మంచం కిందే పెట్టారు. నా జీవితంలో అతి చిన్న ప్రయాణం అదే. మంగళవారం ఎదురు రావడానికి ఒక ముత్తయిదువను కూడా మాట్లాడి ఉంచారు.

మంగళవారం తెల్లవారుతుండగా నా మీద నులక కదలడం ఆగిపోయింది. ఊపిరి చప్పుడూ ఆగింది. నాకేమీ అనిపించలేదు. వినిపించడం లేదని మాత్రం తెలిసింది.

కారు వచ్చింది, నా కోసం మనుషులు వచ్చారు, చూశారు. కాసేపటికి పేటంతా పోగైంది. మరిడమ్మను వాకిట్లోకి తెచ్చి చాప మీద పడుకోబెట్టారు. ముత్తయిదువ సందు మొదట్లోనే వెనక్కి తిరిగిపోయింది. కులపెద్ద గొంతు సవరించుకున్నాడు.

"పెట్టె సావింట్లో ఉండిపోయింది. మైల పడిపోయిందంతే. ఇంక పెయాణం మానుకోడమే మంచిది."

"విమానం టైమవుతోందండి," అంది సుచరిత.

"తమకేటండి, తమరు సదువుకున్నోరు. రేపు ఏదైనా జరిగితే మాటొచ్చేది మాకు."

ధనకుమారి శవం కాళ్ళ దగ్గర కూలబడింది. "పోనీలెండి. మానేత్తాను," అంది. ఆ గొంతులో బాధ కూడా లేదు. అది నాకు కూడా బాగాలేదనిపించింది.

అప్పుడు నూకాలమ్మ లోపలికి వచ్చింది. పేటలో మడికీ మైలకీ ఆవిడ మాటే చివరి మాట. వంగి, మంచం కింద నుంచి నన్ను లాగి, వాకిట్లో పెట్టి, బిందెడు పసుపు నీళ్ళు నా మీద గుమ్మరించింది.

"ఇంక మైలేటి దీనికి? ధనా, లెగు. ఆ సందు సివరికెళ్ళి మళ్ళీ నడిసిరా."

"ఎందుకత్తా?"

"సెప్పింది సెయ్యి."

ఆమె వెళ్ళింది. నూకాలమ్మ జనం వైపు తిరిగింది. "శవం ఎదురొత్తే శుభమా, కాదా? నువ్వే సెప్పు పెద్దా."

కులపెద్దకు ఒప్పుకోక తప్పలేదు. "శుభమే," అన్నాడు.

"బతికున్నన్నాళ్ళూ ఎవరి పెయాణానికీ ఎదురు రాకుండా తలుపేసుకుంది. ఆ తలుపెయ్యమని సెప్పిందాన్ని నేనే. ఇయ్యాల తలుపు లేదు. మరిడమ్మే ఎదురొత్తంది. నా కోడలు ఎల్తంది."

ధనకుమారి సందు చివరి నుంచి నడిచి వచ్చింది. ఎవరూ అడ్డు రాలేదు. శవం ముందు ఆగి, ఆ కాళ్ళు ముట్టుకుని, నీళ్ళోడుతున్న నన్ను తీసుకుని కారెక్కింది.

పోర్చుగల్‌లో హోటలు గది చేరాక నన్ను తెరిచింది. నీళ్ళు లోపలికి దిగలేదు, నా జిప్పు మంచిది. కానీ బట్టలన్నిటికీ చుట్ట వాసన పట్టేసింది. నా లోపలి గుడ్డ పొరల్లో ఏళ్ళ తరబడి ఇంకిన మరిడమ్మ వాసన అది. ధనకుమారి చీర ముఖానికి అదుముకుంది. ముందు మరిడమ్మ కోసం ఏడ్చింది. తరవాత మొగుడి పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. దొరకని శవం కోసం అన్నాళ్ళూ ఆపుకున్న ఏడుపు అది. గది ఊడ్చే అమ్మాయి మర్నాడు ముక్కు ఎగబీల్చి, పొగ తాగరాదన్న బోర్డును మంచం పక్కన నిటారుగా నిలబెట్టి పోయింది. ధనకుమారి సభలో బాగానే మాట్లాడిందట. నేను గదిలో ఉన్నాను, వినలేదు.

ఇంజన్ పడవల మాట ఇంకా తేలలేదు. నా చక్రం ఒకటి ఊడిపోయింది. తిరిగి ఇవ్వడానికి మనిషి లేదు గనక నేను ధనకుమారి ఇంట్లోనే ఉండిపోయాను. పాత వలలు కుక్కి పెట్టారు.

మొన్న వలలు తీసేసి, నూకాలమ్మ బట్టలు పెట్టారు. ఆవిడకు కంటి ఆపరేషను, కాకినాడలో. ఆటో వచ్చి ఆగింది. ధనకుమారి నన్ను గుమ్మంలో పెట్టి, మరిడమ్మ చేసినట్టే లోపలికి వెళ్ళి తలుపు వేయబోయింది.

నూకాలమ్మ మెట్టు దిగలేదు.

"తలుపెయ్యకు," అంది. "ఈదిలోకెల్లి నిలబడు. నాకు నువ్వే ఎదురు రా."