ఉతికిన జెండా

మేం వలస వచ్చి స్థిరపడ్డ ట్రుగనీనాలో నాది పాత సామాన్ల వ్యాపారం. మరక ఉన్న వస్తువుకు సగం ధరే వస్తుందని నా లెక్క. ఓ ట్రంకులో దొరికిన జపాన్ జెండాను అందుకే బ్లీచ్ నీళ్లలో నానబెట్టాను. రెండో ప్రపంచయుద్ధంలో న్యూగినీ అడవుల్లో ఆకలితో, మలేరియాతో నాశనమైన డివిజన్‌లోని సైనికుడిదది. యుద్ధానికి పంపుతూ ఇంటివాళ్లు దానిమీద సిరాతో పేర్లు రాసిచ్చారు. మరకతోపాటు పేర్లూ పోయాయి.

ఉతకకముందు ఆన్‌లైన్‌లో పెట్టిన ఫొటోలో ఆ పేర్లూ మరకా చూసి, సైనికుడి కూతురు హిసాకో వీడియోకాల్ చేసింది. ఆమెకు ఎనభై నాలుగేళ్లు. తండ్రి ఎముక కూడా ఇల్లు చేరలేదట. యూనివర్సిటీలో జపనీస్ చదివే మా అమ్మాయి లాస్య మా మాటలు అటూ ఇటూ చెప్పింది.

వెలిసిన గుడ్డ చూపించి, ఉతికానని ఒప్పుకున్నాను. హిసాకో తెరకు దగ్గరగా వంగి ఆ గుడ్డను చూసింది. తర్వాత ఏదో అడిగింది.

"ఆ నీళ్లు ఎక్కడ పోశారని అడుగుతున్నారు డాడీ. అందులో వాళ్ల నాన్న బ్లడ్ ఉంది కదా."

"నిమ్మచెట్టు మొదట్లో పోశానని చెప్పమ్మా."

"ఈజ్ దట్ ట్రూ, డాడీ?"

ముప్పై ఏళ్లుగా ఎన్నో వస్తువులకు లేని కథలు కట్టి అమ్మాను. ఈసారి మాత్రం మాట మార్చుకున్నాను.

"కాదు. సింకులో పారబోశాను. అదే చెప్పు."

లాస్య చెప్పింది. హిసాకో కళ్లు తుడుచుకుని, ఆ గుడ్డనే పంపమంది. ఇంకోసారి ఉతకవద్దని కూడా చెప్పించింది.